ముప్పై నిమిషాల కాపలా

ఫిబ్రవరి 9, ఆదివారం. హాసిక్ సైట్.

కొత్త డ్యూటీ ఇచ్చారు. నడుము పట్టేసినప్పటి నుంచి నేను బస్తాలు మోయలేకపోతున్నానని ఫోర్‌మన్ బాబు మియాకు తెలుసు. కడపాయన. పొద్దున్నే పిలిచి ఒక ఎర్ర జెండా, ఒక విజిల్, మెడకు తగిలించుకునే దుర్భిణి చేతిలో పెట్టాడు.

"పాస్టరయ్యా, నీకు కూసునే పని దొరికిందిలే. ఆ గుట్టెక్కి సముద్రం సూస్తాండు. తిమింగలం కనపడితే జెండా ఎత్తు. అంతే నీ పని."

చేపల పడవలకు జెట్టీ కడుతున్నాం. ఇనుప గొట్టాలను సుత్తి యంత్రంతో సముద్రంలోకి దిగ్గొట్టాలి. చలికాలం ముందే అయిపోవాల్సిన పని, వెనకబడింది. ఈ నెలల్లో తిమింగలాలు జత కట్టడానికి, పిల్లలకు పాలివ్వడానికి ఈ తీరానికే చేరతాయట. సుత్తి దెబ్బ నీళ్లలో మైళ్ల దూరం వినిపిస్తుందట. పసిదాని చెవులు ఓర్చుకోలేవట. అందుకని సుత్తి మొదలుపెట్టే ముందు ఒక మనిషి ముప్పై నిమిషాలు నీళ్లను చూడాలి. పసుపు డబ్బాలు తేలేంత మేర హద్దు. హద్దు లోపల ఎక్కడ ఊపిరి లేచినా జెండా ఎత్తాలి. జెండా ఎత్తితే సుత్తి ఆగాలి.

కావలివాడు. కత్తి రావడం చూసి కూడా బూర ఊదని కావలివాడి చేతి నుంచే చచ్చినవాళ్ల రక్తానికి లెక్క అడుగుతానని దేవుడు చెప్పిన సంగతి గ్రంథంలో ఉంది. మస్కట్ దిక్కున బర్కా ఖర్జూర తోటల్లో, అజైబా రూముల్లో ఎన్నిసార్లు బోధించానో. మగవాళ్లు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేవారు. ఇవాళ జెండా చేతపట్టుకుని ఆ సంగతే పైకి చెప్పుకున్నాను. ఏమీ అనిపించలేదు.

నా భార్య దేవవ్వ పోయినప్పటి నుంచి ఇంతే. ఆరు నెలలు.

లాగ్ పుస్తకం ఇచ్చారు. ముందు నుంచి డ్యూటీ రాతలు. వెనక నుంచి ఇవి.

ఫిబ్రవరి 10

చూశాను. ఏమీ లేదు.

ఫిబ్రవరి 11

చూశాను. ఏమీ లేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

రాయికల్ నుంచి నా బిడ్డ సంధ్య ఫోన్ చేసింది. ఆమెకు పాప పుట్టి రెండు నెలలు నిండాయి.

"బాపూ, పాప పెరుగుతలేదు. అంగన్‌వాడీల తూకమేస్తే మళ్ల మూడు కిలోల రెండొందలే. డాక్టరమ్మ నన్నే మంచిగ తినుమంటున్నది. పాలు సాలుతలేవట."

"డాక్టరమ్మ తినుమంటది. నీ బాపు ఏమంటడో విను. ఇరవై ఒక్క దినాలు ఉపవాసం పట్టు. పొద్దుమూకేదాక నీళ్లు తప్ప ఏం ముట్టకు. పొద్దుమూకినంక ఇంత గంజి. ఆదివారం షురూ చెయ్."

ఫోన్లో పాప గొంతు మాత్రమే వినపడింది. 

"సరే బాపూ" అంది.

దేవవ్వ కూడా ఇలాగే సరే అంది. నా వీసా కాగితాలు ఆఫీసులో ఇరుక్కున్నాయి. అవి బయటపడాలని నలభై దినాలు ఉపవాసం పట్టమన్నాను. షుగరున్న మనిషి. పదో రోజు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. ఏం మాట్లాడానో గుర్తులేదు. పదకొండో రోజు పోయింది. పాస్‌పోర్టు కూడా ఆ ఆఫీసులోనే ఉండటంతో మట్టికి పోలేకపోయాను. ఫోన్లో చూశాను. సిగ్నల్ ఆగిపోయి, ఆమె మొహం మీద పూలమాల సగంలో నిలిచిపోయింది.

ఆమె కాలం ముగిసింది. దేవుని చిత్తం.

ఫిబ్రవరి 14, శుక్రవారం

సెలవు. మా రూములో ప్రార్థన కూడిక. ఎనిమిది మంది వచ్చారు. పాప కోసం, సంధ్య పట్టే ఉపవాసం కోసం అందరం చేతులెత్తాం. విశ్వాసం లేని తిండి రోగాన్నే పెంచుతుందని గట్టిగా చెప్పాను. గోడలు అదిరేలా చెప్పాను.

నర్సింగ్ మా రూమువాడే. నిర్మల్ దిక్కు మనిషి, హిందువు. గడపలో కూర్చుని పచ్చిమిర్చి తొడిమలు తీస్తూ వింటాడు. అందరూ వెళ్లాక అన్నాడు:

"అన్నా, నువ్వు చెప్తుంటే నిప్పులు కురుస్తయి. గని నీ మొఖం జూస్తే పొయ్యిల పిల్లి పండుకున్నట్టున్నది."

"మిర్చి కోసుకో" అన్నాను.

వాడి మాట నిజమే. నోట్లో మంట ఉంది. లోపల లేదు. నాకు అక్షరం నేర్పింది గ్రంథమే. ఇరవై ఆరేళ్ల వయసులో, తోట పని చేస్తూ, ఒక్కో మాట మీద వేలు పెట్టుకుని నేర్చుకున్నాను. అప్పుడు ప్రతి మాటా కాలేది. ఇప్పుడు వేలు పెడితే కాగితమే.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఉపవాసం మొదటి దినం. సంధ్యకు ఫోన్ చేశాను. "పట్టిన బాపూ" అంది. గొంతు మామూలుగానే ఉంది.

చూశాను. ఏమీ లేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం. మూడో దినం.

కనిపించాయి.

హద్దుకు కాస్త అవతల పొగలాగా నీళ్లు లేచాయి. దాని పక్కనే ఇంకొకటి, చిన్నది, పిల్లవాడు బుగ్గలు నింపుకుని ఊదినంత. దుర్భిణి పెట్టాను. నల్లటి వీపు ఒకటి కదలకుండా తేలుతోంది. పక్కన పిల్ల. కిందికి దూరింది, పైకొచ్చింది, మళ్లీ దూరింది. నర్సింగ్ టీ ఫ్లాస్కు పట్టుకుని గుట్టెక్కి వచ్చాడు, నా మెడలోని దుర్భిణిని నాతోపాటే లాక్కుని చూశాడు.

"అరె! బర్రె దుడ్డెకు పాలిచ్చినట్టే ఉన్నది గదనే! పొదుగు గుద్దుతున్నది సూడు!"

వాడు నవ్వాడు. నేను లాగ్‌లో టైము రాశాను.

పర్యావరణం ఆఫీసు నుంచి షైస్తా అనే అమ్మాయి వచ్చి ఉంది. వాళ్ల నాన్నది హైదరాబాద్, ఈమె పుట్టింది మస్కట్‌లోనే. అజైబాలో ఆఫీసు. నన్ను చాచా అంటుంది. దక్కనీలో మాట్లాడుతుంది, మధ్యలో వాళ్ల నాన్న తెలుగు.

"ఏం తింటుంది తల్లి?" అని అడిగాను.

"వేరే సముద్రాల్లో ఐతే చాచా, ఇవి చల్లటి నీళ్లల్లో తిని తిని, వెచ్చటి నీళ్లకొచ్చి పిల్లను కంటాయి. నెలల తరబడి ఏమీ తినకుండానే పాలిస్తాయి. కానీ ఇక్కడ…"

కింద నుంచి బోటు వాళ్లు హారన్ కొట్టారు. "ఆతీ హూఁ!" అని పరిగెత్తింది.

తినకుండా పాలిస్తుంది!  ఆరు నెలల్లో మొదటిసారి ఏదో కదిలింది అనుకున్నాను. వాక్యం కాకపోతే ఏమిటిది? సముద్రమే సాక్ష్యం చెప్తుంటే!

ఫిబ్రవరి 21, శుక్రవారం. ఆరో దినం.

మన కూడిక వాళ్లకు తిమింగలం అనగానే చేప కడుపులో మూడు దినాలున్న ప్రవక్త కావాలి. ఎప్పుడూ అదే అడుగుతారు. ఇవాళ అది కాదు, ఉపవాసమున్న తల్లి సంగతి చెప్పాను. నెలల తరబడి తినదు, పాలు మాత్రం తగ్గవు. ఆ మూగజీవానికున్న విశ్వాసం మనకు లేదు. నలుగురు ఏడ్చారు. ఫోన్లో రికార్డు చేయించి సంధ్యకు పంపాను.

మధ్యాహ్నం వరకు విన్నట్టు రెండు నీలం టిక్కులు పడలేదు. తర్వాత పడ్డాయి. జవాబు: "విన్న బాపూ."

ఫిబ్రవరి 23, ఆదివారం. ఎనిమిదో దినం.

తల్లీపిల్లా రోజూ వస్తున్నాయి. రెండుసార్లు జెండా ఎత్తాను. బాబు మియా చేతులు నడుముకు పెట్టుకుని కింది నుంచి అరిచాడు.

"ఏం పాస్టరయ్యా, మీ సుట్టాలా ఏంది? ఇంగ ఎప్పుడు పోతారంట?"

"పాలు తాగుతుంది" అని అరిచాను.

"తాగనీలే. తాగినాక తేన్పు వచ్చేదాకా కూడా ఆగుదాం. ఇంజినీరుకు నువ్వే చెప్పు!"

అయినా సుత్తి ఆపించాడు. మంచివాడు.

సంధ్యకు ఫోన్.

"పాప ఎట్లున్నది?"

"గట్లనే ఉన్నది."

"తూకం?"

"గంతే బాపూ. మూడు రెండొందలు."

"నువ్వెట్లున్నవ్?"

"మంచిగనే ఉన్న."

వెనక నుంచి వాళ్ల అత్త ముత్తవ్వ ఏదో గొణిగింది. ఫోన్ పెట్టేశారు.

ఫిబ్రవరి 25. పదో దినం.

మళ్లీ మూడు రెండొందలే. పెరగలేదు. విశ్వాసానికి పరీక్ష. ఇంకా పదకొండు దినాలుంది.

దేవవ్వ పదో రోజు వచ్చిన ఫోన్. మధ్యాహ్నం. అప్పుడు నేను అల్ సువైక్‌లో గోడకు సిమెంటు పూస్తున్నాను. చేతికి సిమెంటు, ఫోన్ చెవికి భుజంతో నొక్కి పట్టుకున్నాను. అదంతా గుర్తుంది. ఏం మాట్లాడానో గుర్తులేదు.

ఫిబ్రవరి 26. పదకొండో దినం.

సంధ్యకు ఫోన్ చేయలేదు.

రాత్రి మళ్లీ రాస్తున్నాను. రాయకపోతే పడుకోలేను.

పొద్దున కాపలాకు కూర్చున్నాను. తొమ్మిది ఇరవై. సముద్రం నూనె పోసినట్టుంది. పదకొండో దినం, పదకొండో దినం అని లోపల ఒకటే మాట. ప్రార్థన చేద్దామనుకున్నాను, ఒక్క నిమిషం. గ్రంథం ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. ముప్పై ఏళ్ల అలవాటు. ప్రార్థన అంటే కళ్లు మూసుకోవడమే. నాకు ఇంకో రకం రాదు.

ఎంతసేపో తెలియదు. సంధ్యను నిలబెట్టు, పాలు పొంగించు అని అడిగాను. మాటలు వచ్చాయి. చాలా వచ్చాయి.

కింద నుంచి "క్లియరా?" అని బాబు మియా కేక. కళ్లు మూసుకునే చెయ్యి ఊపాను. ఊపాను. అలవాటుగా.

సుత్తి పడింది. రాయి కంపించింది. నాలుగు, ఐదు. కళ్లు తెరిచేసరికి పసుపు డబ్బాలకు ఇవతల, జెట్టీకి దగ్గరగా, పెద్ద వీపు ఒక్కసారి మెలిపడి నీళ్లు చీల్చింది. తోక గాల్లోకి లేచింది. చిన్నది కనబడలేదు. నేను విజిల్ నోట్లో పెట్టుకున్నాను, ఊపిరి రాలేదు. నర్సింగ్ కింద నుంచి రెండు చేతులూ ఊపుతూ "బంద్! బంద్ జేయ్!" అని అరిచాడు. మొత్తం పన్నెండు దెబ్బలు.

తర్వాత సముద్రం మళ్లీ నూనెలా ఉంది.

లాగ్‌లో రాశాను: 9.20 నుంచి 9.50, చూశాను, ఏమీ లేదు.

ఫిబ్రవరి 27

షైస్తా ఫోన్లో అడిగింది. "ముప్పై నిమిషాలూ చూశావా చాచా?"

"చూశాను."

"మునిగి ఉన్నాయేమో. ఒక్కోసారి కనిపించవు. నీ తప్పు కాదు."

చూశాను. ఏమీ లేదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

గొంతు బాగాలేదని చెప్పాను. కూడిక లేదు.

మార్చి 1. పద్నాలుగో దినం.

రంజాన్ మొదలైంది. పని గంటలు తగ్గాయి. తల్లి లేదు, పిల్ల లేదు. పని ఉన్నంతసేపూ సుత్తి పడుతోంది. అడ్డం చెప్పేది ఏదీ లేదు.

మార్చి 2. పదిహేనో దినం.

సాయంత్రం ఇఫ్తార్‌కు బాబు మియా మమ్మల్ని కూడా కూర్చోబెట్టుకున్నాడు. ఖర్జూరాలు, ఉల్లి పకోడీ, గోధుమలూ మాంసమూ కలిపి ఉడికించిన హరీస్. పకోడీ నా ప్లేటులోకి తోస్తూ అడిగాడు.

"పాపకు ఎట్లుంది పాస్టరయ్యా?"

"అట్లనే ఉంది. బిడ్డ ఉపవాసం మీద ఉంది."

ఆయన నమలడం ఆపాడు.

"ఎవురు? పాలిచ్చే పిల్లా?"

"అవును."

"మా దాంట్లో పాలిచ్చే ఆడదానికి రోజా లేదు పాస్టరయ్యా. తర్వాత ఎప్పుడన్నా ఉండొచ్చు. మా షైస్తమ్మ పుట్టినప్పుడు మాయమ్మ నా పెండ్లాన్ని రోజా ఉండనియ్యలేదు. అల్లానే సెలవిచ్చినాక నువ్వు ఎవురు మద్దెలో అనింది."

ఆయన కూతురి పేరూ షైస్తానే. నేను ఏదో వాక్యం చెప్పాలి. నోరు తెరిచాను. ఖర్జూరం గింజ అడ్డం ఉంది. ఉమ్మేశాను.

మార్చి 4, మంగళవారం. పదిహేడో దినం.

ఆఫీసు షైస్తా వచ్చింది. బోటు వేసుకుని దీవుల దాకా వెతికి వచ్చారట. తల్లి జాడ లేదు. పిల్ల జాడా లేదు. నా పక్కన రాయి మీద కూర్చుని నీళ్లు తాగబోయి, రంజాన్ గుర్తొచ్చి సీసా మూసేసింది.

"అమ్మా, తల్లి ఎన్నాళ్లు తినకుండా ఉండగలదు?"

"ఏ తల్లి?"

"ఆ తిమింగలం. ఉపవాసముంటుందని చెప్పావు కదా."

"నైఁ చాచా! అవి వేరే సముద్రాలవి. ఇక్కడివి ఎక్కడికీ పోవు. ఏడాదంతా ఈ సముద్రంలోనే. ఇక్కడే తింటాయి, ఇక్కడే కంటాయి, ఇక్కడే పాలిస్తాయి. ఇంకెక్కడా ఇట్లా లేవు. వందకు లోపే ఉంటాయేమో. తల్లి తినడానికే దగ్గరికి వచ్చేది, సార్డీన్ చేపల కోసం. తినకపోతే పాలెక్కడివి?"

ఆ రోజు హారన్ కొట్టకపోతే ఇదంతా చెప్పేది. నేను సగం విన్నాను. సగంతో బోధ చేశాను. బిడ్డకు పంపాను.

ఇంకా ఏం దాచుకోవాలి? చెప్పేశాను. "ఆ రోజు కళ్లు మూసుకున్నానమ్మా. ప్రార్థనలో ఉన్నాను. చూడకుండానే చెయ్యి ఊపాను."

తను నా మొహం చూడలేదు. పెన్ను తీసింది.

"రాయాల్సిందే చాచా."

"రాయి."

"రేపటి నుంచి ఇద్దరు చూడాలి. ఒక్కరికి కుదరదు."

తిట్టలేదు. తిడితే బాగుండేది. లాగ్‌లో నా రాతను ఒక గీత గీసి కొట్టేసి, పక్కన ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసి, నాతో వేలిముద్ర కాదు, సంతకమే పెట్టించింది.

మార్చి 5, బుధవారం. పద్దెనిమిదో దినం.

మధ్యాహ్నం ఫోన్ చేశాను. మాట మాట రాసుకుంటున్నాను, మళ్లీ గుర్తులేదని అనకుండా.

"బిడ్డా, తిను. ఉపవాసం ఇడిశిపెట్టు. ఇప్పుడే తిను. నేనే చెప్తున్న."

అవతల ఏదో గిన్నె చప్పుడైంది.

"సంధ్యా?"

"తింటున్న బాపూ."

"ఇప్పుడా?"

"మొదటి దినం నుంచి."

కింద ఎవరో ఇనుప కడ్డీలు దింపుతున్నారు. చప్పుడు ఆగేదాకా ఆగాను.

"ఉపవాసం పట్టలే?"

"పట్టలే. మూడు పూటలు తింటున్న. మా అత్త తెల్లగడ్డ కారం, మునగాకు, పాలు, అన్నీ పెడుతున్నది. అవ్వ పోయేముందు నాతోని ఒట్టు ఏయించుకున్నది బాపూ. మీ బాపు ఉపవాసమంటే సరే అను, అన్నం మాత్రం ఇడువకు అన్నది."

"పాప?"

"మూడు కిలోల తొమ్మిదొందలు."

"మరి నువ్వు మూడు రెండొందలని…"

"పెరిగిందంటే ఉపవాసంతోనే పెరిగిందని సాక్ష్యం చెప్తవ్ బాపూ. ఇంకో తల్లిని పట్టుమంటవ్. అందుకే చెప్పలే."

 సంధ్య గొంతు ఏడుపులోకి దిగింది.

"అవ్వ పదో దినం అన్నమడిగింది బాపూ. కండ్లు తిరుగుతున్నయి, ఇంత ముద్ద పెట్టు బిడ్డా అన్నది. నేను నిన్ను అడుగుదామని ఫోన్ చేసిన. నువ్వు వద్దన్నవ్. నేను పెట్టలే. నేను సుత పెట్టలే."

ఫోన్ చేసింది సంధ్య. అది కూడా నేను ఎక్కడా రాసుకోలేదు.

మార్చి 6

గుర్తుంది.

"ఇంకొక్క దినం ఓర్చుకోమను" అన్నాను. "సైతాను అన్నం రూపంల వస్తడు" అన్నాను. పక్కనున్న మేస్త్రీలు విని ఆమేన్ అన్నారు. నాకు బాగుండింది. సిమెంటు ఆరిపోతోందని ఫోన్ పెట్టేశాను.

మొదటి నుంచి గుర్తుంది.

మార్చి 7, శుక్రవారం

కూడికకు ఏడుగురు వచ్చారు. గ్రంథం విప్పలేదు. నిలబడి, ఆ ఫోన్ సంగతి ఎలా జరిగిందో అలా చెప్పాను. తిమింగలం గురించి నేను చెప్పింది తప్పని చెప్పాను. ఇక్కడి తల్లి తింటుందని చెప్పాను. మీ ఇళ్లలో నా మాట మీద ఎవరైనా ఉపవాసముంటే ఇప్పుడే ఫోన్ చేసి తినమనండని చెప్పాను.

ఎవరూ ఆమేన్ అనలేదు. ఇద్దరు లేచి చెప్పులు వేసుకున్నారు. ఒకడు బయటికి వెళ్లి ఫోన్ చేశాడు. "తిను, తిను, ఏం గాలే, నువ్వు తిను" అని గట్టిగా వినపడింది.

మంట లేదు. ఏడుపూ లేదు. ఏడుస్తాననుకున్నాను.

నర్సింగ్ అన్నం, పప్పు పెట్టాడు. "తిను అన్నా" అన్నాడు.  తిన్నాను.

మార్చి 8, శనివారం. ఇరవై ఒకటో దినం.

ఇవాళ నర్సింగ్, నేను ఇద్దరం గుట్ట మీద. వాడు ఎడమ దిక్కు, నేను కుడి. ఏడు నలభైకి వాడు నా భుజం గుద్దాడు.

"అన్నా, అగో! పెద్దది!"

ఒక ఊపిరి. ఎత్తైనది. హద్దు లోపలే. జెండా ఎత్తాను. సుత్తి ఆగింది. అదే తల్లో, వేరే ఏదో చెప్పలేను. మునిగింది, మళ్లీ లేచింది. ఒక్కటే ఊపిరి. పక్కన చిన్నది లేవలేదు.

బాబు మియా కింది నుంచి అరుస్తున్నాడు. "పాస్టరయ్యా, పోయింది గదా! దించు!"

"చిన్నది కనపడలే!" అని నర్సింగ్ అరిచాడు.

"యాడుందో ఏమో, ఇంగెంతసేపు?"

నేను దించలేదు. ముప్పై నిమిషాలు అయ్యాయి. ఇంకో ముప్పై. బాబు మియా తలకు తువ్వాలు చుట్టుకుని గొట్టాల నీడలో కూర్చున్నాడు. ఇంజినీరుకు ఆయనే ఫోన్ చేసి ఏదో సర్ది చెప్తున్నాడు.

ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి చేతిలో జెండా ఉంది. కాగితం వైపు చూడటం లేదు. అక్షరం మీద అక్షరం పడుతోందేమో. పడనీ.